కొవాగ్జిన్ 77.8 శాతం: 24, 106 అనే రెండు అంకెల మీద ఒక కేస్ స్టడీ

పాఠ్యపుస్తకాల్లో కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (విశ్వాస అంతరం) పాఠం ఎప్పుడూ బల్బుల జీవితకాలంతోనో, సిమెంటు బస్తాల బరువుతోనో మొదలవుతుంది. సూత్రంలో అంకెలు వేస్తే జవాబు వస్తుంది. ఆ జవాబు ఏం చెబుతోందో మాత్రం పరీక్ష రాసి వచ్చాక కూడా తెలియదు. అందుకని ఇక్కడ తీసుకున్నది మనలో చాలామందికి భుజం నొప్పిగా గుర్తున్న లెక్క. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) కలిసి తయారుచేసిన కొవాగ్జిన్ మీద జరిగిన మూడో దశ ట్రయల్ అది. ఫలితాలు 2021 నవంబరులో లాన్సెట్ పత్రికలో వచ్చాయి: సమర్థత 77.8 శాతం, 95 శాతం ఇంటర్వెల్ 65.2 నుంచి 86.4 వరకు.

వార్తల్లో మొదటి అంకె మాత్రమే తిరిగింది. లెక్కలో ఉన్న సమాచారమంతా తర్వాతి రెండు అంకెల్లో ఉంది. వాటిని చేత్తో, మామూలు సైంటిఫిక్ కాలిక్యులేటర్‌తో రాబట్టవచ్చు.

డేటా

2020 నవంబరు 16 నుంచి 2021 జనవరి 7 వరకు దేశంలోని 25 ఆసుపత్రుల్లో 25,798 మందిని చేర్చుకున్నారు. ఎవరికి టీకా, ఎవరికి ప్లాసిబో (టీకా మందు లేని ఉత్తుత్తి సూది) అన్నది యాదృచ్ఛికంగా తేల్చారు. 28 రోజుల ఎడంతో రెండు డోసులు ఇచ్చారు. రెండో డోసు పడి 14 రోజులు గడిచాక, లక్షణాలు ఉండి ఆర్టీ-పీసీఆర్‌లో నిర్ధారణ అయితేనే దాన్ని కేసుగా లెక్కించారు. రెండు డోసులూ పడినవాళ్లు 24,419 మంది. వాళ్లలో మొదట్లోనే యాంటీబాడీలు ఉన్నవాళ్లు, అంటే అంతకుముందే వైరస్ సోకి తగ్గినవాళ్లు, ప్రధాన విశ్లేషణలోకి రారు. అలా కొందరిని తీసేశాక 16,973 మంది మిగిలారు.

టీకా గుంపు: 8,471 మందిలో 24 కేసులు.
ప్లాసిబో గుంపు: 8,502 మందిలో 106 కేసులు.

ఇక్కడినుంచి మొత్తం కథ ఈ నాలుగు అంకెలదే. నిజానికి రెండింటిదే, ఎందుకో కాసేపట్లో తేలుతుంది.

మొదటి లెక్క

24ని 8,471తో భాగిస్తే 0.002833. పదివేల మందికి 28. 106ని 8,502తో భాగిస్తే 0.012468. పదివేల మందికి 125. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 0.2272. ఇది రిస్క్ నిష్పత్తి: ప్లాసిబో గుంపులో నాలుగైదు కేసులు వచ్చినచోట టీకా గుంపులో ఒకటి వచ్చిందని అర్థం. ఒకటిలోంచి దీన్ని తీసేస్తే 0.773, అంటే సమర్థత 77.3 శాతం.

పత్రికలో 77.8 ఉంది కదా అన్న సందేహం సరైనదే. అక్కడ తలల సంఖ్యతో కాకుండా, ఒక్కొక్కరిని ఎంత కాలం గమనించారో ఆ మొత్తం కాలంతో భాగించారు. రెండు గుంపుల్లోనూ ఫాలో-అప్ కాలం దాదాపు సమానం కాబట్టి తేడా అర శాతం దగ్గర ఆగింది. చేత్తో చేసిన లెక్క, అచ్చయిన లెక్క దశాంశంతో సహా కలవాలని పట్టుబట్టనక్కర్లేదు. అర శాతం కాకుండా పది శాతం తేడా వస్తే మాత్రం హారాలు తప్పు తీసుకున్నామని అనుమానించాలి.

ఈ దశలోనే జరిగే పెద్ద పొరపాటు ఒకటుంది. "77.8 శాతం అంటే టీకా వేసుకున్న వందమందిలో 22 మందికి కరోనా వస్తుంది." రాదు. ట్రయల్ గమనించిన కాలంలో టీకా గుంపులో వచ్చింది పదివేలకు 28 మందికి. 77.8 అన్నది మనుషుల శాతం కాదు, తగ్గుదల శాతం. ప్లాసిబో గుంపులో ఎంత రిస్క్ ఉందో దాంట్లో ఎంత భాగం తగ్గిందో చెబుతుంది. అసలు రిస్క్ ఎంత ఉందో చెప్పదు.

అసలు రిస్క్ కూడా కావాలంటే భాగించడం బదులు తీసివేయాలి: 0.012468 - 0.002833 = 0.009635. దీని స్టాండర్డ్ ఎర్రర్, అంటే శాంపిల్ మారితే అంకె ఎంత ఊగుతుందో చెప్పే కొలత, 0.001335. దాన్ని 1.96తో (నార్మల్ పంపిణీలో 95 శాతానికి వాడే గుణకం) గుణిస్తే 0.0026. అంటే పదివేల మందికి తగ్గిన కేసులు 96, ఇంటర్వెల్ 70 నుంచి 123. ఈ అంకె ఆ నెలల్లో ఆ ఊళ్లలో కరోనా ఎంత తిరుగుతోందన్న దాని మీద ఆధారపడుతుంది. వైరస్ తగ్గితే ఇదీ తగ్గుతుంది. సమర్థత శాతం అంతగా కదలదు. రెండూ ఒకే డేటా నుంచి వచ్చినవే, రెండూ నిజమే. ఒకటి చెప్పి రెండోది దాచేవాళ్లకు తరచూ ఏదో ఒక ఉద్దేశం ఉంటుంది.

ఇంటర్వెల్ కట్టడం

77.3 అన్నది శాంపిల్ అంకె. ఇదే ట్రయల్‌ను ఇదే పద్ధతిలో మళ్లీ చేస్తే 24 బదులు 19 రావచ్చు, 31 రావచ్చు. ఆ ఊగిసలాట ఎంతో చెప్పేది స్టాండర్డ్ ఎర్రర్. డిగ్రీ మొదటి ఏడాది విద్యార్థి ఇక్కడ నేరుగా నిష్పత్తికి స్టాండర్డ్ ఎర్రర్ కట్టి, అటూ ఇటూ 1.96 రెట్లు వేస్తాడు. అలా వేస్తే 67.2 నుంచి 87.3 వస్తుంది. పత్రికలో ఉన్నదానికి మరీ దూరమేమీ కాదు, కానీ దారి సరైనది కాదు. నిష్పత్తి సున్నాకి కిందికి పోలేదు, పైకి ఎంతైనా పోగలదు. అలాంటి అంకె పంపిణీ రెండువైపులా సమంగా ఉండదు. సహజ లాగరిథమ్ తీసుకుంటే దాదాపు సమం అవుతుంది. అందుకే పని అంతా లాగ్ స్కేల్ మీద చేసి, చివర్లో వెనక్కి తిప్పుతారు.

మొదట నిష్పత్తి లాగ్: 0.2272 లాగ్ -1.482.

తర్వాత స్టాండర్డ్ ఎర్రర్. ఒకటిని 24తో భాగిస్తే 0.04167, ఒకటిని 106తో భాగిస్తే 0.00943. ఈ రెండూ కలపాలి. ఆపైన ఒకటి బై 8,471, ఒకటి బై 8,502 రెండూ తీసివేయాలి, ఒక్కొక్కటి 0.00012 మాత్రమే. మిగిలింది 0.05087, వర్గమూలం 0.2255.

1.96తో గుణిస్తే 0.442. -1.482కి అటూ ఇటూ వేస్తే -1.924, -1.040. వెనక్కి తిప్పితే, అంటే ఎక్స్‌పోనెన్షియల్ తీస్తే, 0.146, 0.354. ఒకటిలోంచి తీసేస్తే సమర్థత 64.6 నుంచి 85.4 శాతం.

పత్రికలో 65.2 నుంచి 86.4. చేతిలెక్క ఒక శాతం లోపు తేడాతో వచ్చేసింది.

రెండు జాగ్రత్తలు. తీసివేసేటప్పుడు కొసలు తారుమారవుతాయి: నిష్పత్తి పై కొస 0.354 నుంచి సమర్థత కింది కొస 64.6 వస్తుంది. సగం జవాబుపత్రాల్లో తప్పు ఇక్కడే దొర్లుతుంది. రెండోది, లెక్క సరిచూసుకునే పద్ధతి. నిష్పత్తి రెండు కొసల్నీ గుణించి వర్గమూలం తీస్తే మధ్య అంకె రావాలి: 0.146 × 0.354 = 0.0517, వర్గమూలం 0.227. సరిపోయింది. సమర్థత శాతాల మీద మాత్రం మధ్య అంకె సరిగ్గా నడుమ ఉండదు: 77.3 నుంచి కిందికి దూరం 12.7, పైకి 8.1. నూరు శాతం అనే గోడ పైన ఉంది కాబట్టి పైవైపు చోటు తక్కువ. సమర్థతకు "77 ప్లస్ ఆర్ మైనస్ 10" అని రాసి ఉంటే, రాసినవాళ్లు లాగ్ స్కేల్ దాకా పోలేదని అనుకోవచ్చు.

పాతికవేల మంది ఎటు పోయారు

స్టాండర్డ్ ఎర్రర్ లెక్కలో 8,471, 8,502 అనే అంకెల వాటా ఎంతో మళ్లీ చూడండి: 0.00012 చొప్పున. 24 వాటా 0.04167. అంటే మనుషుల సంఖ్య లెక్కలో దాదాపు కనపడదు, కేసుల సంఖ్యే అంతా. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే రెండు గుంపుల్లో ఏది తక్కువో దాని పెత్తనమే ఎక్కువ. మొత్తం 0.0509లో నాలుగైదో వంతులు ఆ 24 వల్ల వచ్చినవే.

"పాతికవేల మంది మీద పరీక్షించి కూడా ఇంటర్వెల్ ఇంత వెడల్పా?" అన్న ప్రశ్నకు జవాబు ఇదే. పాతికవేల మందిని చేర్చుకున్నది 130 కేసులు దొరకడానికి. అంత మందిని చేర్చుకున్నా ఒక్క కేసూ రాకపోతే సమర్థత గురించి ఒక్క ముక్కా తెలియదు.

ఈ ట్రయల్ లక్ష్యాన్ని కూడా కేసుల్లోనే పెట్టారు: 130 వచ్చాక తుది విశ్లేషణ. 130 ఎందుకో మన సూత్రంతోనే చూడవచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020 జూన్‌లో పెట్టిన గీటురాయి ఇది: అంచనా కనీసం 50 శాతం, ఇంటర్వెల్ కింది కొస 30కి పైన. ఒక టీకా 60 శాతం పనిచేసిందనుకోండి. 43 కేసులైతే సుమారు 12, 31గా చీలుతాయి. కింది కొస 25 దగ్గర పడుతుంది, గీటు దాటదు. 130 కేసులైతే 37, 93గా చీలుతాయి. కింది కొస 42 దగ్గరికి వస్తుంది, సునాయాసంగా దాటుతుంది.

43 అన్న అంకె ఊరికే ఎంచుకున్నది కాదు. 2021 మార్చిలో ప్రకటించిన తొలి మధ్యంతర ఫలితం 43 కేసుల మీదే: ప్లాసిబోలో 36, టీకాలో 7, సమర్థత 80.6 శాతం. అదే పద్ధతిలో (హారాలు దాదాపు సమం కాబట్టి వదిలేసి) కడితే ఒకటి బై 7, ఒకటి బై 36 కలిపి వర్గమూలం 0.413, ఇంటర్వెల్ 56 నుంచి 91. తర్వాత తుది అంకె 77.8కి దిగినప్పుడు "సమర్థత తగ్గింది" అన్న మాట వినపడింది. తగ్గిందనడానికి ఆధారం లేదు. 77.8 మొదటి ఇంటర్వెల్ నడుమే ఉంది. మారింది వెడల్పు: లాగ్ స్కేల్ మీద ఒక్కోవైపు 0.81 నుంచి 0.44కి తగ్గింది. కేసులు మూడు రెట్లయితే వెడల్పు మూడో వంతుకు రాదు, మూడు వర్గమూలం మేరకు, అంటే 1.7 రెట్లు తగ్గుతుంది. ఇక్కడ 1.8 రెట్లు తగ్గింది, ఎందుకంటే టీకా గుంపు కేసులు 7 నుంచి 24కి, మూడు రెట్లకు కాస్త ఎక్కువే పెరిగాయి.

1, 15: సూత్రం విరిగే చోటు

అదే పత్రికలో తీవ్ర కరోనా మీద సమర్థత 93.4 శాతం, ఇంటర్వెల్ 57.1 నుంచి 99.8. కేసులు 16: టీకాలో 1, ప్లాసిబోలో 15. తరగతిలో ఈ కేసు మీద వెచ్చించిన సమయం మిగతా వాటన్నిటికంటే ఎక్కువ ఉండాలి, ఎందుకంటే ఒకే డేటా మీద మూడు పద్ధతులు మూడు రకాల జవాబులిస్తాయి.

మొదటిది, లాగ్ లేకుండా నేరుగా అటూ ఇటూ వేయడం. నిష్పత్తి 0.067, దాని స్టాండర్డ్ ఎర్రర్ 0.069. 1.96 రెట్లు వేస్తే నిష్పత్తి -0.068 నుంచి 0.202. అంటే సమర్థత 80 నుంచి 107 శాతం! నూరు కేసుల్లో నూట ఏడు తగ్గవు కదా. పైకొస దగ్గర నవ్వొస్తుంది, కానీ ప్రమాదం కింది కొస దగ్గరుంది. 80 అన్నది చూడ్డానికి మామూలు అంకెలాగే ఉంటుంది, అనుమానం రాదు. పైకొసను 100కి కత్తిరించి "80 నుంచి 100" అని రాసేవాళ్లున్నారు. అది తప్పును దిద్దడం కాదు, కప్పిపెట్టడం.

రెండోది, లాగ్ పద్ధతి. ఒకటి బై 1, ఒకటి బై 15 కలిపి వర్గమూలం 1.033. ఇంటర్వెల్ 49.5 నుంచి 99.1. నూరు దాటలేదు, కానీ ఒక్క కేసు మీద నార్మల్ పంపిణీ ఊహ నిలబడదు. ఒకే కేసు ఉన్నచోట అది సున్నా కావచ్చు, రెండు కావచ్చు, ఒకటిన్నర కాలేదు. నునుపైన గంట ఆకారం అక్కడ ఎక్కడిది?

మూడోది, ఎగ్జాక్ట్ పద్ధతి. దీనికి ప్రశ్నను తిప్పి వేయాలి. మొత్తం 16 కేసులు వచ్చాయి సరే. ఒక్కో కేసు టీకా గుంపులోనే పడే సంభావ్యత ఎంత? టీకా ఏ పనీ చేయకపోతే, రెండు గుంపులూ సమానమే కాబట్టి, సగం. అంటే ఇది 16 సార్లు నాణెం ఎగరేస్తే ఒక్కసారి బొమ్మ పడిన లెక్క, బైనామియల్. ఆ సంభావ్యత ఎంత చిన్నదైతే, 1 లేదా అంతకంటే ఎక్కువ కేసులు పడే అవకాశం 2.5 శాతానికి దిగుతుందో అది కింది కొస: 0.00158. ఎంత పెద్దదైతే 1 లేదా అంతకంటే తక్కువ పడే అవకాశం 2.5 శాతానికి దిగుతుందో అది పై కొస: 0.3023. వీటిని నిష్పత్తిగా మార్చాలి; సంభావ్యతను ఒకటిలోంచి అది తీసేయగా మిగిలినదానితో భాగిస్తే 0.00158, 0.4333. సమర్థత 56.7 నుంచి 99.8 శాతం. అచ్చయిన 57.1 నుంచి 99.8కి ఇది ఎంత దగ్గరో చూడండి. పత్రికలోనూ ఇదే కుటుంబానికి చెందిన ఎగ్జాక్ట్ పద్ధతి వాడారు. మిగిలిన ఆ కాస్త తేడా ఫాలో-అప్ కాలం వల్ల వచ్చిందే.

పనిలో వాడే బండగుర్తు: ఏ గుంపులోనైనా కేసులు పదికి తక్కువుంటే లాగ్ పద్ధతిని నమ్మకుండా ఎగ్జాక్ట్ పద్ధతికి పోవడం మేలు. సున్నా కేసులుంటే లాగ్ పద్ధతి అసలు నడవదు, ఒకటి బై సున్నా దగ్గర ఆగిపోతుంది. ఎగ్జాక్ట్ పద్ధతి అప్పుడూ జవాబిస్తుంది. ఈ 16లో టీకా వైపు పడిన ఆ ఒక్క కేసూ లేకుండా 0, 15 వచ్చి ఉంటే అంచనా "నూరు శాతం", కింది కొస 72. "నూరు శాతం రక్షణ" అన్న శీర్షిక ఎక్కడ కనపడినా దాని వెనక కింది కొస ఎంతో అడగాలి.

అరవై దాటినవాళ్లు: 8 నుంచి 90

60 ఏళ్లు, ఆపైబడినవాళ్లలో సమర్థత 67.8 శాతం, ఇంటర్వెల్ 8.0 నుంచి 90.0. అంతకంటే చిన్నవాళ్లలో 79.4, ఇంటర్వెల్ 66.0 నుంచి 88.2. కేసులు (టీకా, ప్లాసిబో వరసలో) పెద్దవాళ్లలో 5, 16. చిన్నవాళ్లలో 19, 90.

8 అన్న అంకె చూడగానే పెద్దవాళ్లకు టీకా పనిచేయదని తేల్చేవాళ్లు ఒకరు. రెండు ఇంటర్వెల్స్ ఒకదానిమీద ఒకటి పడుతున్నాయి కాబట్టి తేడా లేదని నిరూపణ అయిందనేవాళ్లు ఇంకొకరు. ఇద్దరిదీ తప్పే.

మొదటివాళ్లు కొసను మధ్య అంకెలా చదువుతున్నారు. ఇంటర్వెల్‌లోని విలువలన్నీ డేటాతో సమానంగా పొసగవు. 68 దగ్గరి విలువలు బాగా పొసగుతాయి, 8 కష్టంమీద పొసగుతుంది, 90 కూడా అంతే. 21 కేసులతో ఇంతకంటే గట్టిగా చెప్పలేమన్నదే ఆ వెడల్పు చెప్పే మాట.

రెండోవాళ్ల నియమం అసలు నియమమే కాదు. స్టాండర్డ్ ఎర్రర్ 1 చొప్పున ఉన్న రెండు అంచనాల మధ్య తేడా 3 అనుకోండి. ఒక్కోదానికి అటూ ఇటూ 1.96 వేస్తే రెండు ఇంటర్వెల్స్ కలిసే పడతాయి. కానీ తేడా స్టాండర్డ్ ఎర్రర్ 2 కాదు, రెండు వర్గమూలం, 1.41. మూడును దాంతో భాగిస్తే 2.12, 1.96 దాటింది. ఇంటర్వెల్స్ తగులుకుంటున్నా తేడా ఉంది. కాబట్టి రెండు గుంపుల్ని పోల్చాలంటే తేడాకే ఇంటర్వెల్ కట్టాలి.

ఇక్కడ కడదాం. 5 బై 16 లాగ్ -1.163, 19 బై 90 లాగ్ -1.555, తేడా 0.392. స్టాండర్డ్ ఎర్రర్: ఒకటి బై 5, 16, 19, 90 నాలుగూ కలిపి వర్గమూలం, 0.571. ఇంటర్వెల్ -0.73 నుంచి 1.51. వెనక్కి తిప్పితే పెద్దవాళ్లలో మిగిలిన రిస్క్ నిష్పత్తి చిన్నవాళ్లదానికి 1.5 రెట్లు, కానీ సగం నుంచి నాలుగున్నర రెట్ల దాకా ఏదైనా కావచ్చు. "తేడా లేదు" అనడానికి ఈ అంకెలు చాలవు, "తేడా ఉంది" అనడానికీ చాలవు. వయసు, లింగం, జబ్బులు అంటూ పది ముక్కలు చేసి చూస్తే ఏదో ఒక ముక్కలో కింది కొస దిగజారి కనపడటం కేవలం చీల్చడం వల్లే జరుగుతుంది. ఇంకోమాట: కింది కొస 30 దాటాలన్న గీటురాయి ప్రధాన ఫలితానికి పెట్టినది, ఈ ముక్కలకు కాదు.

95 ఎవరిది

"నిజమైన సమర్థత 65.2, 86.4 మధ్య ఉండే అవకాశం 95 శాతం." ఈ వాక్యం ప్రతి తరగతిలో వస్తుంది. పేపరు దిద్దేవాళ్లు మార్కులు కోస్తారు, ఎందుకు కోశారో విద్యార్థికి అర్థం కాదు. చీటీలతో చేసి చూపిస్తే అర్థమవుతుంది.

నిజమైన సమర్థత 75 శాతం అని మనమే పెట్టుకుందాం. అప్పుడు ఒక కేసు టీకా గుంపులో పడే సంభావ్యత 0.25 బై 1.25, అంటే అయిదో వంతు. ఒక డబ్బాలో 1 నుంచి 5 దాకా రాసిన చీటీలు వేసి, ఒకటి తీసి చూసి, మళ్లీ డబ్బాలో వేస్తూ 130 సార్లు తీయాలి. 1 వస్తే టీకా కేసు, మిగతావి ప్లాసిబో కేసులు. సగటున 26 వస్తాయి, ప్రామాణిక విచలనం 4.6. కొందరికి 17 వస్తాయి, వాళ్ల సమర్థత 85 శాతం. కొందరికి 35 వస్తాయి, వాళ్లది 63. డబ్బాలో చీటీలు మాత్రం మారలేదు. ప్రతి విద్యార్థీ తన అంకెతో పై సూత్రం వేసి ఇంటర్వెల్ కట్టాలి. నలభైమంది ఉన్న తరగతిలో ఇద్దరు ముగ్గురి ఇంటర్వెల్స్‌లో 75 ఉండదు. ఒక్కరిదీ తప్పకపోవచ్చు, నలుగురివి తప్పవచ్చు.

95 ఆ పద్ధతికి చెందిన గుణం. ఇంటర్వెల్ తప్పిన విద్యార్థి చేతిలో ఉన్న కాగితం మీద 75 ఉండే అవకాశం 95 శాతం కాదు, సున్నా. ఉన్నవాళ్లకు నూరు. ట్రయల్ ఫలితం అలాంటి కాగితాల్లో ఒకటి. అది ఏ రకమో చెప్పడానికి డబ్బా మూత తీసేవాళ్లు లేరు, అంతే. పరీక్షలో రాయాల్సిన వాక్యం: "ఇదే విధంగా ట్రయల్స్ పదేపదే చేసి ప్రతిసారీ ఇలా ఇంటర్వెల్ కడితే, వాటిలో సుమారు 95 శాతం నిజమైన సమర్థతను తమలో పట్టుకుంటాయి; ఈ ట్రయల్‌లో వచ్చిన ఇంటర్వెల్ 65.2 నుంచి 86.4."

ఇంకా పెద్ద తప్పు మరొకటి ఉంది, దానికే ఎక్కువ మార్కులు కోయాలి: "95 శాతం మంది మనుషులకు 65 నుంచి 86 శాతం రక్షణ ఉంటుంది." ఇంటర్వెల్ మనుషుల మధ్య తేడాల గురించి కాదు, ఒకే ఒక్క తెలియని అంకె గురించి. స్టాండర్డ్ ఎర్రర్‌కూ ప్రామాణిక విచలనానికీ మధ్య గందరగోళం ఇక్కడే బయటపడుతుంది.

"అవకాశం 95 శాతం" అన్న వాక్యాన్ని న్యాయంగా రాయగలిగే పద్ధతి ఒకటుంది, బేసియన్ పద్ధతి. ఫైజర్ టీకా ప్రధాన ట్రయల్‌లో టీకా గుంపులో 8, ప్లాసిబోలో 162 కేసులు, సమర్థత 95.0, ఇంటర్వెల్ 90.3 నుంచి 97.6. అది కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ కాదు, క్రెడిబుల్ ఇంటర్వెల్. ముందస్తు ఊహ ఒకటి పెట్టుకుని కట్టినది. అంకెలు దగ్గరగానే వస్తాయి, వాక్యం మాత్రం వేరు. వార్తాపత్రికలు రెండింటికీ ఒకటే మాట వాడాయి.

ఇంటర్వెల్‌కు తెలియని సంగతులు

కొవాగ్జిన్ పైకొస 86.4, ఫైజర్ కింది కొస 90.3. ఇంటర్వెల్స్ తగులుకోవడం లేదు కాబట్టి ఫైజర్ మెరుగని తేలిపోయిందా? లేదు. రెండు ట్రయల్స్ వేరే నెలల్లో, వేరే దేశాల్లో, వేరే వైరస్ రకాల మీద జరిగాయి. కొవాగ్జిన్ కేసుల్లో డెల్టా రకం ఉంది. ఫైజర్ ఫలితం 2020 డిసెంబరులో వచ్చేసరికి డెల్టా ప్రపంచానికింకా పరిచయం కాలేదు. ఇంటర్వెల్ వెడల్పులో ఉన్నది చీటీల ఊగిసలాట ఒక్కటే. డబ్బాలే వేరైతే దానికి తెలియదు.

ఇలాంటిదే ఇంటికి దగ్గరి ఉదాహరణ ఉంది. 2021 ఏప్రిల్ 15 నుంచి మే 15 వరకు, రెండో వేవ్ మధ్యలో, ఢిల్లీ ఎయిమ్స్ ఉద్యోగుల మీద చేసిన అధ్యయనంలో రెండు డోసుల కొవాగ్జిన్ 50 శాతం పనిచేసిందని వచ్చింది, ఇంటర్వెల్ 33 నుంచి 62. ట్రయల్ ఇంటర్వెల్ కింది కొస 65.2. "ఒకటి అబద్ధం" అని తేల్చే ముందు ఏది దేనితో పోలుస్తున్నామో చూడాలి. ఎయిమ్స్‌లో జరిగింది యాదృచ్ఛిక ట్రయల్ కాదు. పరీక్షకు వచ్చినవాళ్లలో పాజిటివ్, నెగెటివ్ వచ్చినవాళ్ల టీకా చరిత్రను పోల్చారు. అందరూ ఆసుపత్రి సిబ్బంది, రోజూ వైరస్ మధ్య తిరిగేవాళ్లు. ఆ నెల డెల్టాది.

కాబట్టి ట్రయల్‌లోంచి డెల్టా అంకెనే తీసుకోవాలి: 65.2 శాతం, ఇంటర్వెల్ 33.1 నుంచి 83.0, మొత్తం 50 కేసుల మీద. అసలు డేటా చేతిలో లేకపోయినా అచ్చయిన ఇంటర్వెల్ నుంచి స్టాండర్డ్ ఎర్రర్ వెనక్కి తీయవచ్చు: నిష్పత్తి రెండు కొసల లాగ్‌ల తేడాను 3.92తో (1.96కి రెండింతలు) భాగించాలి. డెల్టాకు కొసలు 0.170, 0.669, స్టాండర్డ్ ఎర్రర్ 0.35. ఎయిమ్స్‌కు కొసలు 0.38, 0.67; స్టాండర్డ్ ఎర్రర్ 0.145. మధ్య అంకెలు 0.348, 0.50, లాగ్‌ల తేడా 0.36. తేడా స్టాండర్డ్ ఎర్రర్ రెండు వర్గాలు కలిపి వర్గమూలం, 0.38. భాగిస్తే 0.96, 1.96కి చాలా దూరంలో ఆగింది. 77.8 పక్కన 50 పెట్టినప్పుడు కనపడిన గొడవ, 65.2 పక్కన 50 పెడితే చీటీల ఊగిసలాటలోనే ఇమిడిపోతోంది.